వాయిదాలలో గడచిన పందొమ్మిదేండ్లు

తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ నగరం తెలుగువారికి కొత్తది కాదు. తెలంగాణా జిల్లాలనుండి మగ్గాల పని వెదుక్కుంటూ పోయిన చేనేత కుటుంబాలు అక్కడి లింబాయత్ వంటి పేటలలో ఎంతోకాలంగా స్థిరపడి ఉన్నాయి. బట్టల మిల్లులు, జరీ పని, వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు - వీటికోసం దేశం నలుమూలలనుండి జనం ఆ ఊరికి వస్తూ పోతూ ఉంటారు. 2001 డిసెంబరు చివరివారంలోనూ అట్లాగే కొందరు వచ్చారు. అయితే వారు వచ్చింది బేరసారాలకు కాదు. నవసారీ బజారులోని రాజశ్రీ హాలులో మైనారిటీల విద్యను గురించి ఏర్పాటయిన సదస్సుకు వచ్చామని వారు చెప్పారు. గుజరాత్‌వారితో పాటు మహారాష్ట్ర, తమిళనాడు, పశ్చిమ బెంగాల్, రాజస్థాన్, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, బీహారులనుండి వచ్చినవారు కూడా వారిలో ఉన్నారు.

డిసెంబరు 27న వారు ఆ హాలులో చేరారు. ఆ రాత్రి గడిచేసరికి సభికులంతా పోలీసుల అదుపులో ఉన్నారు. అఠ్వా లైన్స్ పోలీసు స్టేషనులో కేసు నమోదయింది. నిందితులు 127 మంది.

ఆరోపణ ఇది: అక్కడ చేరినవారు ‘సిమీ’ అనే విద్యార్థి సంస్థకు చెందినవారు. ఆ సంస్థను కేంద్రప్రభుత్వం అంతకు మూడు నెలల క్రితం, సెప్టెంబరులో, నిషేధించి ఉన్నది. విద్యాసదస్సు అన్నది పైకి చెప్పిన మాటేననీ, నిషిద్ధ సంస్థను బలపరచి విస్తరింపజేయడమే సభ ఉద్దేశమనీ ప్రాసిక్యూషన్ వాదించింది. అఖిల భారత మైనారిటీ విద్యా బోర్డు ఆధ్వర్యంలో జరిగే సదస్సుకు వచ్చామని, సిమీతో తమకు ఎటువంటి సంబంధమూ లేదని నిందితులు సమాధానమిచ్చారు.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడం న్యాయస్థానం పని. ప్రశ్న తేలికైనదని అనలేము గాని, అంతుపట్టనంత జటిలమైనదీ కాదు. ఒక హాలు, ఒక రాత్రి, అక్కడ దొరికాయని చెప్పిన కాగితాలు, అక్కడ ఉన్న మనుషులు - విచారించవలసింది ఇంతే. దేశాంతరాలకు పరుగెత్తి సాక్ష్యం తేవలసిన అవసరం కనబడదు.

జవాబు 2021 మార్చి 6న వచ్చింది.

సూరత్ చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ ఎ. ఎన్. దవే ఆనాడు 122 మందిని నిర్దోషులుగా విడుదల చేశారు. వారు సిమీకి చెందినవారనిగానీ, ఆ సంస్థ కార్యకలాపాలకోసం సమావేశమయ్యారనిగానీ నిరూపించగల బలమైన, నమ్మదగిన, సంతృప్తికరమైన సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ చూపలేకపోయిందని తీర్పు చెప్పారు. మిగిలిన అయిదుగురికి ఈ తీర్పుతో నిమిత్తం లేకపోయింది. విచారణ సాగుతుండగానే వారు మరణించారు.

నిర్బంధానికీ తీర్పుకూ నడుమ గడచింది పందొమ్మిది సంవత్సరాల రెండు నెలల పైచిలుకు కాలం. రోజులలో లెక్కిస్తే ఏడు వేలు దాటుతుంది. ఇక చట్టం సంగతి చూడండి. 1967నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం 2001లో ఉన్న రూపంలో, నిషిద్ధ సంస్థలో సభ్యత్వానికి విధించదగిన గరిష్ఠ శిక్ష రెండేండ్ల ఖైదు. చట్టవిరుద్ధ కార్యకలాపంలో పాల్గొన్నందుకు గరిష్ఠంగా ఏడేండ్లు. అంటే ఆ 127 మందీ కేసు నమోదయిన మరునాడే కోర్టులో నిలబడి, నేరమంతా మాదేనని ఒప్పుకుని, ఏడేండ్ల శిక్షను పూర్తిగా అనుభవించి ఉంటే, 2008 చివరినాటికి ఇండ్లకు చేరి ఉండేవారు. నిర్దోషులమని వాదించినందువల్ల మరొక పన్నెండేండ్లు నిందితులుగానే మిగిలిపోయారు.

వారు ఇన్నేండ్లూ జైలులో లేరు గదా అని పాఠకులు అడగవచ్చు. నిజమే. దాదాపు ఏడాది నిర్బంధం తరువాత వారికి బెయిలు దొరికింది. మిగతా పద్ధెనిమిదేండ్లూ వారు బయటనే ఉన్నారు. ఈ వ్యాసానికి అసలు విషయం ఆ ‘బయట’ అన్న మాటే. సత్వర విచారణ హక్కును గురించి మన దేశంలో ఎప్పుడు చర్చ వచ్చినా అది జైలు గోడల దగ్గర మొదలై జైలు గోడల దగ్గరే ముగుస్తుంది. గోడ దాటినవాని గోడు వినిపించుకునే చట్టం ఇంకా సరిగా పుట్టలేదు.

బెయిలు మీద బ్రతకడం

బెయిలు అంటే స్వేచ్ఛ కాదు, షరతులతో కూడిన అప్పు. పూచీకత్తు వ్రాసి ఇవ్వాలి, జామీనుదారు నిలబడాలి. ఊరు విడిచి వెళ్ళడానికి, చిరునామా మార్చడానికి అనుమతులు కావలసి రావచ్చు. వాయిదా పడిన ప్రతిసారీ కోర్టుకు హాజరు కావాలి. లేదా మినహాయింపు కోరుతూ న్యాయవాది ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. మినహాయింపు ఇవ్వడం ఇవ్వకపోవడం మేజిస్ట్రేటు ఇష్టం. మద్రాసునుండో కలకత్తానుండో సూరత్‌కు రావాలంటే రైలులోనే ఒకటి రెండు రోజులు పోతాయి. కూలి పోతుంది, లేదా ఉద్యోగంలో సెలవు పోతుంది. అంత దూరం వచ్చిన తరువాత సాక్షి రాలేదనో, మేజిస్ట్రేటు సెలవు మీద ఉన్నారనో, పబ్లిక్ ప్రాసిక్యూటర్ మరొక కోర్టులో ఉన్నారనో గుమాస్తా మరొక తేదీ చెబుతాడు. మన దేశంలో ఏ కోర్టు వరండాలో ఉదయం పది గంటలకు నిలబడినా ఈ దృశ్యం చూడవచ్చు.

పాస్‌పోర్టు కావాలన్నా చిక్కే. భారతదేశంలోని న్యాయస్థానంలో క్రిమినల్ కేసు నడుస్తున్నవారికి పాస్‌పోర్టు నిరాకరించే అధికారాన్ని 1967నాటి పాస్‌పోర్టు చట్టం ఇచ్చింది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమితకాలానికి దొరుకుతుంది. ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు చేసినవాడు ‘నీ మీద క్రిమినల్ కేసు ఏదైనా ఉన్నదా?’ అన్న గడిలో ‘ఉన్నది’ అని వ్రాయక తప్పదు. ఆ తరువాత ఆ దరఖాస్తు గతి ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇక ఇల్లు అద్దెకు ఇచ్చేవారు, పిల్లనిచ్చేవారు చట్టపుస్తకాలు తిరగవేసి నిర్ణయించుకోరు. నేరం రుజువయ్యేంతవరకూ మనిషి నిర్దోషి అనే సూత్రం న్యాయస్థానం గడప లోపలే చెల్లుతుంది. గడప బయట ఆ నాణెం చెల్లదు.

అమెరికాలో మాల్కం ఫీలీ అనే పరిశోధకుడు న్యూ హేవెన్ పట్టణంలోని దిగువ కోర్టును ఏండ్ల తరబడి పరిశీలించి 1979లో ఒక గ్రంథం ప్రకటించారు. ‘ప్రక్రియయే శిక్ష’ అని దాని పేరుకు అర్థం. చిన్న నేరాల కేసులలో తీర్పు విధించే శిక్షకన్న కోర్టు చుట్టూ తిరగడంలోని నష్టమే పెద్దదని ఆయన తేల్చారు. 2022 జూలైలో, అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారైన జస్టిస్ ఎన్. వి. రమణ జయపురంలో మాట్లాడుతూ మన నేరవిచారణ వ్యవస్థకు సరిగ్గా ఇదే మాటను వర్తింపజేశారు.

తెలుగునాట దీనికి మరీ దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. సికిందరాబాదు కుట్ర కేసు 1974లో మొదలయింది. విప్లవ రచయితలు వరవరరావు, చెరబండరాజు మొదలైనవారు అందులో నిందితులు. 1989లో అది వీగిపోయింది. నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. అప్పటికి చెరబండరాజు మరణించి ఏడేండ్లయింది. వారి రాజకీయాలతో ఏకీభవించడమా లేదా అన్నది వేరే సంగతి. పదిహేనేండ్ల తరువాత నిలబడని కేసు మొదటి సంవత్సరంలో నిలబడదని తేల్చడానికి ఏమి అడ్డు వచ్చిందన్నది మాత్రం ఏ రాజకీయాలవారైనా అడగదగిన ప్రశ్న.

సమాధానం లేకుండా మిగిలిన ప్రశ్న

న్యాయాన్ని ఎవరికీ అమ్మబోమనీ, ఎవరికీ నిరాకరించబోమనీ, ఆలస్యం చేయబోమనీ ఇంగ్లండు రాజు జాన్ 1215లో మాగ్నా కార్టాలో మాట ఇచ్చాడు. అమెరికా రాజ్యాంగపు ఆరవ సవరణ 1791లో సత్వర విచారణను పౌరుని హక్కుగా ప్రకటించింది. మన రాజ్యాంగంలో ఆ మాట ఎక్కడా లేదు. ఉన్నదల్లా 21వ అధికరణం: చట్టం నిర్దేశించిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్నిగానీ వ్యక్తిస్వేచ్ఛనుగానీ హరించరాదు. ఆ పద్ధతి న్యాయమైనదిగా, సహేతుకంగా ఉండాలని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీం కోర్టు అన్నది. తలుపు అక్కడ తెరుచుకుంది.

మరుసటి ఏడాది జనవరిలో పోలీసు శాఖలో ఉన్నత పదవులు నిర్వహించిన కె. ఎఫ్. రుస్తుంజీ ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ పత్రికలో బీహారు జైళ్లను గురించి వ్రాశారు. విచారణ మొదలుకాకుండా ఏండ్ల తరబడి మగ్గుతున్న ఖైదీల వివరాలు అందులో ఉన్నాయి. వాటిని చదివిన న్యాయవాది కపిలా హింగోరాణీ సుప్రీం కోర్టులో పిటిషన్ వేశారు. అదే హుసేనారా ఖాతూన్ కేసు. తమమీద మోపిన నేరానికి పడగల గరిష్ఠ శిక్షకన్న ఎక్కువకాలం అప్పటికే జైలులో గడిపినవారు బయటపడ్డారు. ఏ నేరమూ చేయకపోయినా, సాక్షులుగా ‘రక్షణ’ పేరిట జైలులో ఉంచిన స్త్రీలు బయటపడ్డారు. సత్వర విచారణ 21వ అధికరణంలోనే ఇమిడి ఉన్నదని జస్టిస్ పి. ఎన్. భగవతి ప్రకటించారు.

ఆ తీర్పును అందరూ ఉదహరిస్తారు. అయితే అందులోనే భగవతి వేసిన ఒక ప్రశ్నను అంతగా ఎవరూ జ్ఞాపకం పెట్టుకోలేదు. సత్వర విచారణ హక్కు భంగమైతే దాని ఫలితం ఏమిటి? నిందితుణ్ణి నేరారోపణనుండే విముక్తుణ్ణి చేయాలా? ఈ విషయం తరువాత ఆలోచించవలసి ఉంటుందని ఆయన అక్కడితో విడిచిపెట్టారు.

పన్నెండేండ్ల తరువాత సుప్రీం కోర్టు ఆ ప్రశ్న దగ్గరకు తిరిగి వచ్చింది. ఈసారి పిటిషనుదారు బీహారు ఖైదీ కాదు, మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి ఎ. ఆర్. అంతులే. 1991 డిసెంబరు 10న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తరఫున తీర్పు వ్రాసినవారు జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డి - ఆయనా మన తెలుగువారే. ఈ హక్కు దర్యాప్తునుండి అప్పీలు వరకూ ప్రతి దశకూ వర్తిస్తుందని ఆ తీర్పు చెప్పింది. హక్కు భంగమైనదని తేలితే కేసును కొట్టివేయవచ్చునని కూడా చెప్పింది. అయితే ఇన్ని సంవత్సరాలు అన్న గడువు మాత్రం పెట్టలేదు. జాప్యం ఎంత, కారకులెవరు, కేసు స్వభావమేమిటి - అన్నీ తూచి చూడాలన్నది. ఈ తూకపురాళ్లు చాలావరకు అమెరికా సుప్రీం కోర్టు 1972లో బార్కర్ కేసులో వాడినవే. అమెరికావారు ఆ తూకంతో తృప్తిపడక 1974లో చట్టమే చేసుకున్నారు. వారి ఫెడరల్ కోర్టులలో, చట్టం ఒప్పిన మినహాయింపులు పోగా, అభియోగం దాఖలయిన 70 రోజులలో విచారణ మొదలుకావాలి.

మన సుప్రీం కోర్టులోనూ కొందరు న్యాయమూర్తులు తూకంతో తృప్తిపడలేదు. 1996లో కామన్ కాజ్ కేసులోను, 1998లో రాజ్‌దేవ్ శర్మ కేసులోను చిన్న ధర్మాసనాలు గడువులు పెట్టాయి: ఇన్నేండ్లలో విచారణ సాగకపోతే నిందితుణ్ణి వదిలివేయవలసిందేనని. వాటిని 2002 ఏప్రిల్ 16న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పి. రామచంద్రరావు కేసులో రద్దు చేసింది. గడువులు పెట్టడం శాసనసభల పని, కోర్టుల పని కాదన్నది.

ఆ తేదీని ఒకసారి మళ్ళీ చదవండి. ఢిల్లీలో ఏడుగురు న్యాయమూర్తులు ఈ తీర్పు చదువుతున్న వేళకు సూరత్‌లో పట్టుబడినవారు నిర్బంధంలోకి వెళ్ళి నాలుగు నెలలు కూడా కాలేదు. రద్దయిన గడువులు ఎన్నో మినహాయింపులతో కూడినవి. అవి అమలులో ఉన్నా ఈ కేసుకు వర్తించేవో లేదో చెప్పలేము. కాని వారి కేసు పందొమ్మిదేండ్లూ నడిచిన దారికి ఏ మైలురాయీ లేకుండా పోయింది ఆనాడే.

న్యాయమూర్తుల భయానికి ఆధారం లేకపోలేదు. గడువు పెడితే, దానిని మొదట వాడుకునేవాడు పేదవాడు కాదు. పేరున్న వకీలును పెట్టుకోగలవాడు ఒక దరఖాస్తు మీద మరొక దరఖాస్తు వేసి, ఒక స్టే మీద మరొక స్టే తెచ్చుకుని, గడువు దాటిన మరునాడు ‘నా హక్కు భంగమైంది’ అంటూ కోర్టుకెక్కుతాడు. అప్పుడు నష్టపోయేది నేరానికి గురైనవాడు. సూరత్‌లోనే మరొక కేసు చూడండి. 1993లో ఆ నగరంలో జరిగిన బాంబు పేలుళ్లలో ఒక బాలిక మరణించింది, పలువురు గాయపడ్డారు. టాడా కోర్టు నిందితులకు 2008లో శిక్షలు విధించింది. 2014 జూలైలో సుప్రీం కోర్టు పదకొండుమందినీ నిర్దోషులుగా విడుదల చేసింది. కారణాలలో ముఖ్యమైనది ఒకటి విచిత్రమైనది: టాడా క్రింద కేసు పెట్టడానికి జిల్లా పోలీసు సూపరింటెండెంటు ముందస్తు ఆమోదం తప్పనిసరి కాగా, ఆ ఆమోదాన్ని చట్టం చెప్పిన తీరులో తీసుకోలేదు. ఆ లోపం కేసు పెట్టిననాడే కాగితం మీద ఉన్నది. దానిని గుర్తించడానికి ఇరవై ఏండ్లు పైబడి పట్టింది. ఆ బాలిక తల్లిదండ్రులకు దోషి ఎవరన్నది ఇప్పటికీ ఏ కోర్టూ చెప్పలేదు. జాప్యంలో నష్టపోయేది నిందితుడొక్కడే అనుకోవడం పొరపాటు.

అయినప్పటికీ ఆ భయం గడువే వద్దనడానికి చాలదని నాకు తోస్తుంది. నిందితుడు కావాలని చేసిన జాప్యాన్ని లెక్కనుండి తీసివేయడం కష్టమైన పని కాదు. ప్రతి వాయిదాకూ ఎవరు అడిగారో కోర్టు డైరీలో వ్రాసే ఉంటుంది. అమెరికా చట్టం చేసిందీ అంతే.

బయటపడే దారులు, ముగిసే దారి

1979 తరువాత మన చట్టాలు మారలేదని చెప్పడం అన్యాయమవుతుంది. దర్యాప్తు 60 లేక 90 రోజులలో పూర్తికాకపోతే బెయిలు కోరే హక్కు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉన్నది. గరిష్ఠ శిక్షాకాలంలో సగం జైలులో గడిపిన విచారణ ఖైదీని విడుదల చేయాలన్న సవరణ 2006నుండి అమలులోకి వచ్చింది. మరణశిక్ష పడగల నేరాలకు అది వర్తించదు. 2024 జూలై 1నుండి ఆ కోడ్ స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారి విషయంలో ఆ సగాన్ని మూడవ వంతుకు తగ్గించింది. 2021 ఫిబ్రవరి 1న, సూరత్ తీర్పుకు నెలరోజుల పైచిలుకు ముందు, సుప్రీం కోర్టు నజీబ్ కేసులో మరొక అడుగు వేసింది. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం బెయిలుకు ఎన్ని అడ్డంకులు కల్పించినా, విచారణ ఇప్పట్లో ముగిసే సూచన లేనప్పుడు రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చునన్నది.

ఇవన్నీ అవసరమైనవే. 2022 చివరినాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురు ఖైదీలలో ముగ్గురికి ఇంకా తీర్పు రాలేదు. అయితే పైన చెప్పిన మార్పులన్నింటినీ ఒక్కచోట పెట్టి చూడండి: ప్రతి ఒక్కటీ జైలునుండి బయటపడే దారి. కేసునుండి బయటపడే దారి అందులో ఒక్కటీ లేదు. ఇంకా చెప్పాలంటే, నిందితుడు బెయిలు మీద బయటికి వచ్చిన మరుక్షణం అతని కేసుకు తొందర పోతుంది. కటకటాలలో ఉన్నవాని కేసునే కోర్టు ముందు పిలుస్తుంది, పిలవవలసిందే. బయట ఉన్నవాడు వరుసలో వెనక్కు పోతాడు. 127 మంది నిందితులు ఉన్న కేసయితే సమన్లు అందించడం, అందరి హాజరు చూడడం, అందరి వకీళ్ల ప్రశ్నలు వినడం - ఇంకా వెనక్కు పోతుంది.

మేజిస్ట్రేట్లను నిందించి ప్రయోజనం లేదు. పది లక్షల జనాభాకు పదిన్నర మంది చొప్పున ఉన్న న్యాయాధికారుల సంఖ్యను యాభైకి పెంచాలని 1987లోనే లా కమిషన్ చెప్పింది. అయిదేండ్లలో ఆ పని చేయాలని 2002 మార్చి 21న, అంటే గడువులు రద్దు చేయడానికి నెలరోజుల లోపలే, సుప్రీం కోర్టు ఆదేశించింది. ఇటీవలి ప్రభుత్వ లెక్కలలో కూడా ఆ సంఖ్య ఇరవైఒకటి దరిదాపులలోనే ఉన్నది. గడువు విధించనన్న కోర్టు, గడువు పాటించడానికి కావలసిన మనుషులను ఇమ్మని అడిగింది. గడువూ రాలేదు, మనుషులూ రాలేదు.

పోయిన కాలానికి పరిహారం మాట ఏమిటి? పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం 1979 ఏప్రిల్‌లో చేరింది. అనవసర జాప్యం లేకుండా విచారణ జరగాలన్నది అందులోని ఒక షరతు. చేరుతూనే మన ప్రభుత్వం ఒక మినహాయింపు చెప్పుకుంది: అక్రమ నిర్బంధానికి గురైనవారికి పరిహారం పొందే హక్కు మా న్యాయవ్యవస్థలో లేదని. 1983లో సుప్రీం కోర్టు ఆ గీత దాటింది. నిర్దోషిగా తీర్పు వచ్చిన తరువాత కూడా బీహారులో పద్నాలుగేండ్లు జైలులోనే ఉండిపోయిన రుదుల్ షాకు మొత్తం 35,000 రూపాయలు ఇప్పించింది. అక్రమంగా ప్రాసిక్యూట్ చేసినవారికి పరిహారం చెల్లించేందుకు ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని 2018 ఆగస్టులో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ సిఫారసు ప్రకారం చట్టం రాలేదు.

2024లో అమలులోకి వచ్చిన కొత్త సంహితలో మాత్రం 399వ సెక్షన్ ఉన్నది. తగిన కారణం లేకుండా ఒకరిని పోలీసులచేత అరెస్టు చేయించిన వ్యక్తి, అరెస్టయినవానికి పోయిన కాలానికీ అయిన ఖర్చుకూ పరిహారం చెల్లించాలని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. గరిష్ఠ మొత్తం వెయ్యి రూపాయలు.